అమెరికా జాంబీ క్యాసెట్: టీవీలో రంగు, ల్యాప్‌టాప్‌లో బ్లాక్ అండ్ వైట్

తుంగభద్ర గట్టు (కర్నూలు):
వీహెచ్‌ఎస్ క్యాసెట్, అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. చిన్న కంపెనీ వేసిన చవక జాంబీ సినిమా, అట్ట మీద 84 నిమిషాలని ఉంది. వీసీఆర్ ఇక్కడి టీవీ పద్ధతి పాల్ (PAL) సెట్టే గానీ, ఎన్‌టీఎస్‌సీ కూడా పాల్ టీవీలో ఆడుతుందని ముందు రాసుంది. ట్యూబు టీవీలో రంగుల్లోనే వస్తోంది. అడుగున తెల్ల గీతలు, సౌండ్ మధ్యమధ్యలో బర్రుమంటోంది. వీడియోను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించే యూఎస్‌బీ క్యాప్చర్ పెట్టి ఎన్‌టీఎస్‌సీ ఎంచుకుంటే బ్లాక్ అండ్ వైట్, పాల్ ఎంచుకుంటే బొమ్మ గిరగిరా దొర్లుతోంది. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు మీద తెల్ల చుక్కలు. టేపు పోయినట్టేనా?

క్లాక్‌టవర్ (అనంతపురం):
టేపు పోలేదు. కానీ ప్లే చేయడం ఇప్పుడే ఆపన్నా. ఆ చుక్కలు బూజు. అది వీసీఆర్ లోపల టేపును చదివే హెడ్డుకు అంటితే తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది.

క్యాసెట్‌ను సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత డబ్బాలో నాలుగైదు రోజులు పెట్టు. తడి బూజును తుడిస్తే పూసుకుంటుంది, ఎండితే పొడిగా రాలుతుంది. ఎండబెట్టాలని మిద్దె మీద ఎండలో మాత్రం పెట్టొద్దు, మన ఎండకు టేపు వంకర తిరుగుతుంది. తర్వాత మూతికి మాస్కు కట్టుకుని, ఇంటి బయట నీడలో విప్పు. అడుగున 5 స్టార్ స్క్రూలుంటాయి. పై డొప్ప ఎత్తగానే టేపు ఏ రోలరు మీదుగా పోతోందో ఫోనులో ఫోటో తీసుకో. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొబైల్ రిపేరు సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. శానిటైజర్ వద్దు, అందులో నీళ్లూ గ్లిజరినూ ఉంటాయి. మైక్రోఫైబర్ గుడ్డను లైటుగా తడిపి రీలు పక్కభాగం తుడువు. రెండు రీళ్లనూ పనికిరాని వేరే క్యాసెట్ డొప్పలోకి మార్చు. ఆ తర్వాత పొడి గుడ్డ మడతలోంచి టేపును చేత్తో మెల్లగా ఒకసారి అటు, ఒకసారి ఇటు చుట్టు. గట్టిగా నొక్కితే అంచు నలుగుతుంది. కింది అంచులో కంట్రోల్ ట్రాక్ ఉంటుంది. అది నలిగిందా, ట్రాకింగ్ (హెడ్డు సరిగ్గా ట్రాకు మీద నడవడం) ఇక నిలవదు.

వీసీఆర్ హెడ్డు కూడా తుడవాల. అదే ఆల్కహాల్‌తో తడిపిన తెల్ల కాగితాన్ని హెడ్డు ఉండే గుండ్రటి డ్రమ్ముకు ఆనించి పట్టుకుని డ్రమ్మును చేత్తో తిప్పు. కాగితాన్ని పైకీ కిందికీ రుద్దితే హెడ్డు విరుగుతుంది. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు అసలు వాడొద్దు.

పెన్న ఇసుక (కడప):
విప్పినప్పుడు ఇంకో సంగతి చూడు. 84 నిమిషాల సినిమా మామూలు ఎస్‌పీ స్పీడులో ఉంటే దాదాపు 168 మీటర్ల టేపు ఉండాలి. 56 మీటర్లే, అంటే రీలు బక్కగా ఉంటే అది ఈపీ, మూడో వంతు స్పీడు. టేపు ఖర్చు మిగుల్చుకోవడానికి చవక సినిమాలవాళ్లు ఇలా మూడో వంతు టేపులో కుక్కేవాళ్లు. ట్రాకు వెడల్పు ఎస్‌పీలో 58 మైక్రాన్లు, ఈపీలో 19. అందుకే ఆ గీతలు, ఆ బర్రు. ఆటో ట్రాకింగ్ తీసేసి చేత్తో ఒక్కో మెట్టు జరుపు. బర్రు హై-ఫై (మేలు రకం సౌండ్) ట్రాకుది. ఆడియో బటన్ "నార్మల్"కి మార్చు. సౌండ్ కాస్త మొద్దుబారుతుంది గానీ మాట వినబడుతుంది.

రంగు సంగతికొస్తే, నీ వీసీఆర్ ఇస్తున్నది పాల్-60. బొమ్మ గీతలు ఎన్‌టీఎస్‌సీలో లాగే 525, రంగు మాత్రం 4.43 మెగాహెర్ట్జ్ మీద పాల్ పద్ధతిలో. ట్యూబు టీవీలు చాలావరకు దీన్ని మింగేస్తాయి, క్యాప్చర్ మింగదు. సాఫ్ట్‌వేర్‌లో పాల్-60 ఉంటే ఎంచుకో. లేకపోతే వీసీఆర్ వెనక గానీ మెనూలో గానీ ఎన్‌టీఎస్‌సీ 3.58 (అసలు అమెరికా రంగు పద్ధతి) ఉందేమో వెతుకు. అదీ లేకుంటే అమెరికా వీసీఆరే దిక్కు. 230 నుంచి 110 వోల్టులకు దించే 100 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ దానికి సరిపోతుంది.

తుంగభద్ర గట్టు (కర్నూలు):
రీలు బక్కదే, ఈపీ అన్నమాట. మెనూలో 3.58 దొరికింది, రంగొచ్చింది. ల్యాప్‌టాప్‌లోకి ఏ సైజులో ఎక్కించాలి? రాత్రి సీన్లలో నలుపు బూడిద రంగులో ఉంది, బ్రైట్‌నెస్ తగ్గించాలా? యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

పెన్న ఇసుక (కడప):
720×480, సెకనుకు 29.97 ఫ్రేములు, నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయూవీలో. గంటకు 30–35 జీబీ పడుతుంది, డిస్క్ ఖాళీ చూసుకో. అమెరికా ఎన్‌టీఎస్‌సీలో నలుపే సున్నా దగ్గర కాక, తెలుపు 100 అనుకుంటే 7.5 దగ్గర మొదలవుతుంది, ఆ బూడిద అందుకే. కొద్దిగా దించు. చీకట్లో నడిచే శవాల బట్టల మడతలు కనబడకుండా పోతే మాత్రం వెనక్కి రా. ఎక్కించేటప్పుడు నలిపేసిన నీడ తర్వాత తిరిగిరాదు. కొన్ని సెకన్లకోసారి బొమ్మ వెలిగి మసకబారుతుంటే అది కాపీ నిరోధం, నీ సెట్టింగు తప్పు కాదు.

ఇంటర్లేస్ (ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా రెండు సగాల్లో చూపే పద్ధతి) తీసే ముందు ఒక కదిలే సీన్ ఫ్రేము ఫ్రేముగా చూడు. ప్రతి 5 ఫ్రేముల్లో 2 మాత్రమే దువ్వెన పళ్లలా చీలితే ఫిల్ము మీద తీసింది. టెలిసినీని (ఫిల్మును వీడియోగా మార్చేటప్పుడు ఫ్రేములు పెంచడం) వెనక్కి తీసి సెకనుకు 23.976 ఫ్రేములకి తే. అన్నీ చీలితే వీడియో కెమెరాతో తీసింది, 59.94కి పోవాల.

క్లాక్‌టవర్ (అనంతపురం):
యూట్యూబ్ మాట: 1968 నాటి "నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్" అందరిదీ అయిపోయింది. పేరు మార్చినప్పుడు కాపీరైట్ గుర్తు ఎగిరిపోవడమే కారణం. దాన్ని చూసి పాత జాంబీ సినిమాలన్నీ అంతే అనుకోవద్దు. నీదానికి హక్కుదారు ఎవరో తేలేవరకు హార్డ్ డిస్క్‌లోనే ఉంచు, ఇంకో కాపీ వేరే డిస్క్‌లో పెట్టు.