షటిల్ రన్‌లో కొలిచేది దమ్మునా, మొండితనాన్నా?

నెల్లూరు_రన్నర్:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు, చెన్నైలో ఎంపీఈడీ (వ్యాయామ విద్యలో పీజీ) చేస్తున్నా. కాలేజీ పిల్లల ఫిట్‌నెస్‌కీ స్వభావానికీ ఏమైనా లింకు ఉందా అన్నది నా డిజర్టేషన్. ఫిట్‌నెస్‌కి 20 మీటర్ల షటిల్ రన్ (రెండు గీతల మధ్య బీప్‌కి తగ్గట్టు అటూఇటూ పరిగెత్తాలి, వేగం పెరిగినప్పుడల్లా ఒక లెవెల్), స్వభావానికి బిగ్ ఫైవ్ (స్వభావాన్ని ఐదు గుణాలుగా కొలిచే పద్ధతి) మీద మినీ ఐపిప్ అనే 20 ప్రశ్నల కాగితం పెట్టుకున్నా.

మొన్న పైలట్ (చిన్న ట్రయల్) చేశా. మా హాస్టల్ కబడ్డీ ప్లేయర్ ఒకడు ఆరో లెవెల్లో ఆగిపోయాడు. ఆయాసం కూడా లేదు. "చాల్లే అన్నా, మెస్‌లో పొంగల్ అయిపోద్ది" అని చెప్పులేసుకుని పోయాడు. పక్కనే పరిగెత్తిన సన్నటి బీకాం కుర్రాడు పొట్ట పట్టుకుని, ముఖం కందిపోయినా ఎనిమిదో లెవెల్ దాకా లాగాడు. షీట్ ప్రకారం వాడే ఫిట్! మా గైడ్ "నంబర్ వచ్చిందిగా, రాసెయ్" అంటున్నారు. నాకు మింగుడుపడటం లేదు.

తాంబరం_బాబాయ్:
ఇంత గోలెందుకు అబ్బాయ్, ఎత్తూ బరువూ చూసి బీఎంఐ వేసెయ్.

వేళచ్చేరి_పీఈటీ:
బాబాయ్ గారూ, కండ పట్టినవాడికీ కొవ్వు పట్టినవాడికీ బీఎంఐ ఒకటే చూపిస్తుంది. అది వదిలేయండి.

తమ్ముడూ, నీ అనుమానం సరైనదే. షటిల్ రన్‌లో వేగం గంటకు 8.5 కిలోమీటర్లతో మొదలై నిమిషానికోసారి అర కిలోమీటరు పెరుగుతుంది. ఇక కాళ్లు కదలవు అనేదాకా పరిగెత్తితేనే ఆ లెవెల్‌కి అర్థం. బిగ్ ఫైవ్‌లో కాన్షియెన్షస్‌నెస్ (శ్రద్ధ, పట్టుదల) ఎక్కువున్నవాడు "చివరిదాకా పరిగెత్తండి" అని చెప్తే చివరిదాకా పరిగెడతాడు. రేపు నీ టేబుల్లో ఆ గుణానికీ ఫిట్‌నెస్‌కీ సంబంధం కనబడిందనుకో. అది వాడు రోజూ వ్యాయామం చేస్తున్నందుకా, ఆ పొద్దున పట్టుబట్టి పరిగెత్తినందుకా? విడదీసి చెప్పలేవు.

అందుకే ఛాతీ బెల్టు కట్టి గుండె వేగం రాసుకో. ఇరవై ఏళ్లవాడికి గరిష్ఠం సుమారు 200. మీ కబడ్డీ వీరుడు 150 దగ్గరే ఆగి ఉంటే, ఆ లెవెల్ చెప్పేది వాడి దమ్ము గురించి కాదు, పొంగల్ మీద ప్రేమ గురించి.

దాంతోపాటు క్వీన్స్ కాలేజ్ స్టెప్ టెస్ట్ పెట్టు. 41.3 సెంటీమీటర్ల బెంచీ, 3 నిమిషాలు. అబ్బాయిలు నిమిషానికి 24 సార్లు, అమ్మాయిలు 22 సార్లు ఎక్కి దిగాలి. ఆగాక 5వ సెకను నుంచి 20వ సెకను దాకా నాడి లెక్కపెట్టి 4తో గుణించు. అందరికీ ఒకే పని కాబట్టి మొండితనానికి చోటు తక్కువ. ఫిల్టర్ కాఫీ తాగొచ్చినవాళ్లని మాత్రం ఇంకో రోజు రమ్మను. అందర్నీ ఒకే వేళకి, పొద్దున్నే పిలువు. మన చెన్నై ఉక్కలో పదకొండింటికి పరిగెత్తినవాణ్ణి ఆరింటికి పరిగెత్తినవాడితో పోల్చకూడదు.

షోలింగనల్లూర్_గుంటూరోడు:
అక్క చెప్పింది కరెక్ట్. ఇంకో గొయ్యి ఉంది చూస్కో. అబ్బాయిల్నీ అమ్మాయిల్నీ కలిపేసి కోరిలేషన్ (రెండు కొలతల మధ్య సంబంధం ఎంతో చెప్పే అంకె) తియ్యకు. సగటున షటిల్ రన్‌లో అబ్బాయిలు ముందుంటారు, న్యూరోటిసిజం (ఆందోళన పడే గుణం) స్కోరు అమ్మాయిలకు ఎక్కువొస్తుంది. కలిపితే "ఆందోళన ఉంటే దమ్ము తక్కువ" అని లేని సంబంధం కూడా వచ్చి కూర్చుంటుంది.

ఇలాంటి సంబంధాలు మామూలుగా చిన్నవే. 0.2 కోరిలేషన్‌ని 80 శాతం పవర్‌తో (అంటే సంబంధం నిజంగా ఉంటే దొరికే అవకాశం 80 శాతం ఉండేలా) పట్టాలంటే 190 మందికి పైనే కావాలి, ఒక్క సెక్షన్‌తో పని జరగదు. నువ్వు నాలుగు టెస్టులు పెట్టావనుకో, ఐదు గుణాల్నీ వాటితో జత చేస్తే 20 లెక్కలు. 0.05 హద్దు దగ్గర (సంబంధం లేకపోయినా నూటికి ఐదుసార్లు ఉన్నట్టు కనబడుతుంది) ఒకటైనా ఊరికే తగిలే అవకాశం బాగా ఉంది. ఏది చూడబోతున్నావో డేటా తియ్యకముందే రాసిపెట్టుకో.

నెల్లూరు_రన్నర్:
థ్యాంక్స్ అక్కా, అన్నా. డిపార్ట్‌మెంట్‌లో బెల్టులు రెండే ఉన్నాయి, ఇద్దరిద్దర్ని పరిగెత్తిస్తా. ప్రశ్నల కాగితం మీద పేర్లు తీసేసి నంబర్లు పెడుతున్నా. పేరుంటే గైడ్ చూస్తారని అందరూ బుద్ధిమంతులైపోతున్నారు. బెంచీ వడ్రంగితో చేయించనా, మెట్లమీద కానిచ్చేయనా?

వేళచ్చేరి_పీఈటీ:
మెట్లు అంత ఎత్తుండవు, చేయించు. బెంచీ కాళ్ల కింద రబ్బరు కొట్టించు, గ్రానైట్ మీద జారుతుంది.