దూరదర్శన్ మోగ్లీ టేపులు: బొమ్మ పోయినా పర్లేదు, హిందీ డబ్బింగ్ దక్కాలి

కాకినాడ క్యాసెట్:
1990ల్లో దూరదర్శన్ నుంచి రికార్డు చేసిన మూడు వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉన్నాయండి. హిందీ ‘జంగిల్ బుక్’, మధ్యమధ్యలో ‘డక్ టేల్స్’. చౌక యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బీతో లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంటే ఫ్రేము పైభాగం జెండాలా ఊగుతోంది. కదలిక ఉన్నచోట గీతలు దువ్వెన పళ్లలా విడిపోతున్నాయి. అరగంటయ్యేసరికి మాట అర సెకను వెనకబడుతోంది. ఒక క్యాసెట్ రీలు అంచున తెల్లటి పొడి కూడా ఉంది. ‘జంగిల్ బుక్’ శుభ్రమైన బొమ్మ జపనీస్ డిస్కులో ఉంది. నాకు కావాల్సింది నానా పాటేకర్ షేర్ ఖాన్‌గా పలికిన ఆ పాత ఆడియో.

టేపు డాక్టర్:
ముందు ఆ పొడి సంగతి. అది బూజు, తీర ప్రాంతపు తేమకి మామూలే. ఆ క్యాసెట్‌ని అలాగే ఆడిస్తే బూజు వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్లకి అంటి, తర్వాత పెట్టే టేపుకి ఎక్కుతుంది. క్యాసెట్ డొల్ల కిందవైపు 5 స్క్రూలు విప్పి, రీళ్లు తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పీచు రాలని గుడ్డతో అంచులు తుడవండి. ముక్కుకి మాస్కు తప్పనిసరి. పూర్తిగా ఆరాక, వేరే పాత క్యాసెట్ డొల్లలోకి మార్చి ఆడించండి. హెడ్లు తుడిచేటప్పుడు షామీ తోలుని (మెత్తటి తోలు గుడ్డ) హెడ్లుండే డ్రమ్ముకి కదలకుండా ఆనించి, డ్రమ్మునే చేత్తో అడ్డంగా తిప్పాలి. పైకీ కిందకీ రుద్దారా, హెడ్డు విరిగినట్టే.

జెండా ఊగడం టేపు సాగడం వల్ల వచ్చే టైమింగ్ తేడా. వీసీఆర్‌కీ డబ్బీకీ మధ్య పానాసోనిక్ ఇఎస్10 లేదా ఇఎస్15 డీవీడీ రికార్డర్ పెట్టండి. అందులో రికార్డు చేయక్కర్లేదు, సిగ్నల్ దాని గుండా పోతే చాలు. ఫ్రేములు జారిపోవడం తగ్గితే మాట వెనకబడటమూ చాలావరకు తగ్గుతుంది. ఆడియోని లాప్‌టాప్ మైక్ జాక్‌లో గుచ్చకండి. బొమ్మకి డబ్బీ గడియారం, మాటకి లాప్‌టాప్ గడియారం అయితే రెండూ ఎప్పటికీ కలవవు.

ఫీల్డ్ లెక్క:
క్యాప్చర్ 720×576, సెకనుకి 25 ఫ్రేములు, హఫ్‌వైయూవీ లాంటి నష్టంలేని కోడెక్ (వీడియోని కుదించే పద్ధతి), ఆడియో 48 కిలోహెర్ట్జ్. గంటకి 30 జీబీ పైనే తింటుంది, ముందే ఖాళీ చూసుకోండి. దువ్వెన గీతలు తప్పు కాదు. పాల్‌లో (మన దేశపు టీవీ ప్రసార పద్ధతి) ప్రతి ఫ్రేమూ రెండు ఫీల్డులు, సరి గీతలది ఒకటి, బేసి గీతలది ఒకటి. క్యాప్చర్ అప్పుడే వాటిని కలిపేస్తే మళ్లీ విడదీయలేం, తర్వాత చేసుకోవచ్చు. కానీ ఫీల్డులు విడదీసి చూసినప్పుడు ఒక్క ఫీల్డులోనే మోగ్లీకి రెండు చేతులు నీడలా కనిపిస్తే, ప్రసారానికి ముందే ఎన్‌టీఎస్‌సీ (జపాన్, అమెరికా పద్ధతి) నుంచి పాల్‌కి మార్చారన్నమాట. దాన్ని ఏ ఫిల్టరూ పూర్తిగా బాగుచేయలేదు, రాత్రుళ్లు దానికోసం కూర్చోకండి.

కాకినాడ క్యాసెట్:
మరి ఆ ఆడియోని డిస్కు బొమ్మకి అతికించడం ఎలాగండీ?

ఫీల్డ్ లెక్క:
ముందు కొలవాలి. ప్రకటనలు లేని ఒకే భాగంలో రెండు షాట్ మార్పుల మధ్య సమయం రెండింటిలోనూ చూడండి. డిస్కులో 20 నిమిషాలది టేపులోనూ 20 నిమిషాలే ఉంటే వేగం ముట్టుకోవద్దు. 19 నిమిషాల 11 సెకన్లే ఉంటే సెకనుకి సుమారు 24 ఫ్రేముల ఫిల్ముని 25 ఫ్రేములకి పరిగెత్తించారు. వేగాన్ని 0.959తో గుణించి తగ్గించండి, గొంతు స్థాయి (పిచ్) కూడా దాంతోపాటే దిగనివ్వండి. ఆ పరుగులో గొంతు దాదాపు ముప్పావు సెమీటోను (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరం) పైకెక్కి ఉంటుంది. ఒక హెచ్చరిక: డబ్బింగ్‌ని పాల్ టేపు మీదే రికార్డు చేసి ఉంటే గొంతు అప్పటికే సరైన స్థాయిలో ఉంటుంది. అప్పుడు స్థాయి మారకుండా వేగం మాత్రమే తగ్గించాలి. ఏది సరో చెవితో తేల్చుకోవాల్సిందే.

మాట బొంగురుగా, మూసుకుపోయినట్టు వినిపిస్తే సాఫ్ట్‌వేర్ కన్నా ముందు వీసీఆర్ ఆడియో హెడ్ వాలు సరిచేయించండి. రికార్డు చేసిన మెషీను వాలు వేరే ఉండొచ్చు. స్క్రూని పావు చుట్టు లోపే తిప్పాలి, ముందు దాని స్థానాన్ని మార్కర్‌తో గుర్తుపెట్టుకోవాలి.

4:3 పక్షపాతి:
పాత టీవీ కొలత 4:3లో ఉన్న డిస్కు బొమ్మని వెడల్పు తెర కొలత 16:9కి కత్తిరించకండి. 2019లో డిస్నీ ప్లస్ పాత ‘సింప్సన్స్’ కార్టూన్‌ని అలా కోసి పెడితే, డఫ్ బీరు మూడు రకాలూ ఒకే గొట్టంలోంచి వస్తున్నాయన్న జోకు పైభాగంతోపాటే ఎగిరిపోయింది. 2020 మేలో అసలు కొలత మళ్లీ ఇచ్చారు. ఏఐతో పెద్దది చేసే ముచ్చట కూడా వద్దు. చేత్తో గీసిన గీతలు మైనం పూసినట్టు అవుతాయి.

ఇంకోటి: 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయంలో దూరదర్శన్ ‘జంగిల్ బుక్’ని మళ్లీ వేసింది. అప్పటి సెట్‌టాప్ బాక్స్ రికార్డింగ్ ఎవరి దగ్గరన్నా ఉందేమో ముందు అడగండి. ఉంటే ‘జంగిల్ బుక్’ వరకు ఈ బూజు పనంతా తప్పుతుంది. ‘డక్ టేల్స్’కి మాత్రం టేపు తుడవాల్సిందే.