ఫీడర్ చేపలుగా (వేటచేపలకు మేతగా) కన్విక్ట్ సిక్లిడ్‌లు: ఇంట్లో పెంచుతున్నవాళ్ళు చెప్పండి

దేవరకొండ ఆస్కార్:
తొట్టిలో రెండు ఆస్కార్‌లు (పెద్ద వేటచేపలు), ఒక కొరమీను ఉన్నాయి. మేతకని గోల్డ్‌ఫిష్ పిల్లలు కొని తెచ్చినప్పుడల్లా తెల్లమచ్చల జబ్బు కూడా వెంట వస్తోంది. నల్లచారల కన్విక్ట్‌లను ఇంట్లోనే పెంచి వేయవచ్చా? మాది బోరు నీరు, గిన్నెలకు తెల్లగా పేరుకుంటుంది.

పాలమూరు తొట్టి:
నిక్షేపంగా వేయవచ్చు. మీరు నీటి గురించి బెంగపడుతున్నారు కానీ, మధ్య అమెరికా నుంచి వచ్చిన ఈ చేపకు కఠిన జలమే ఇష్టం. జత కోసం తిరగకండి. ఐదారు పిల్లలను కలిపి పెంచితే అవే జతకడతాయి. పొట్ట మీద నారింజ రంగు ఉండి, చిన్నగా కనిపించేది ఆడది.

మట్టి పూలకుండీని పక్కకు పడుకోబెట్టండి. లోపలి గోడకు గుడ్లు అంటిస్తాయి, ఒక్కో విడతకు వందకు పైనే. మూడు రోజులకు పగులుతాయి, మరో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదుతాయి. అప్పుడు కాసేపు తొట్టి ముందు కూర్చోండి. గుంపు తప్పిన పిల్లను తల్లి నోటితో అందుకుని, వెనక్కి తెచ్చి గుంపులో ఉమ్మేస్తుంది. రెక్కలతో అడుగు ఇసుకను కదిలించి పిల్లలకు నలుసులు లేపుతుంది. ఇదంతా చూశాక వాటిని మేతగా వేయడానికి చేయి రాదు, ముందే చెబుతున్నాను!

పిల్లలకు మొదటి వారం ఆర్టీమియా (సన్నటి ఉప్పునీటి రొయ్యపిల్లలు), తరువాత పొడిచేసిన మేత. కాస్త పెరిగాక వేరే తొట్టికి మార్చండి, పెద్దవి మళ్ళీ గుడ్లకు సిద్ధమవుతాయి. వేటచేపకు వేసే ముందు పిల్లలకు కడుపునిండా మంచి మేత పెట్టండి, ఆ బలమే దానికి చేరేది.

నల్గొండ బోరు:
గోల్డ్‌ఫిష్‌తో జబ్బు ఒక్కటే కాదు. అది కార్ప్ జాతి. వాటి ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, బి1 విటమిన్‌ను విరిచేస్తుంది. రోజూ అవే వేస్తే వేటచేప నీరసపడుతుంది. సిక్లిడ్‌ల విషయంలో ఆ బెడద వినలేదు. కానీ వీటి వీపు ముళ్ళు గట్టివి. అంగుళం దాటనివ్వకుండా వేయండి, గొంతుకు అడ్డం పడకుండా ఉంటాయి.

అసలు మాట ఇంకొకటి. ఆస్కార్‌కు రోజూ బతికిన చేప ఎందుకు? అడవి నదుల్లో అది పురుగులు, రొయ్యలు కూడా తింటుంది. పెల్లెట్లు (గుళికల మేత) అలవాటు చేసి, చేపలు అప్పుడప్పుడు వేయండి. వేట చూడాలన్న సరదా మనది, దానిది కాదు.

మిర్యాలగూడ గుంట:
నాది అద్దాల తొట్టి కాదు, కొరమీను గుంట. అక్కడికి తిలాపియానే సరి. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కనుక పిల్లల నష్టం తక్కువ, ఏడాదిలో పలుమార్లు పెడుతుంది. కొరమీను మన రాష్ట్ర చేప, దాని విందు మాత్రం 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేప! ఒక్కటే జాగ్రత్త: తూముకు సన్నవల కట్టాలి. చెరువులోకి జారితే ఇక వదిలించుకోలేం. కన్విక్ట్‌కూ ఇదే మాట, మిగిలాయని కాలువలో వదలకండి.

దేవరకొండ ఆస్కార్:
కన్విక్ట్‌లు చలికాలంలోనూ గుడ్లు పెడతాయా?

పాలమూరు తొట్టి:
హీటర్ పెట్టి 25 నుంచి 28 డిగ్రీలు ఉంచితే పెడతాయి. సంక్రాంతి ముందు రాత్రుల్లో ఊరికే వదిలేస్తే గుడ్ల ఊసే ఎత్తవు. మేలో కథ తిరగబడుతుంది. నీరు వేడెక్కి ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి మోటారు రాత్రంతా నడవాలి. కరెంటు పోయే ఊరైతే బ్యాటరీది ఒకటి దగ్గర పెట్టుకోండి.

దేవరకొండ ఆస్కార్:
సరే, ఆదివారం హైదరాబాద్ వెళ్ళి తెస్తాను. ఆస్కార్‌ల తొట్టిలోనే ఒక మూల కుండీ పెడితే చాలదా అన్నా?

పాలమూరు తొట్టి:
వద్దు తమ్ముడూ. గుడ్లు పెట్టిన జత సగం తొట్టిని కబ్జా చేస్తుంది, తమకన్నా పెద్ద ఆస్కార్‌నైనా తరుముతుంది. రెండున్నర అడుగుల తొట్టి వేరుగా చూసుకుని, స్పాంజి ఫిల్టర్ పెట్టు. మామూలు ఫిల్టర్ పిల్లలను లాగేస్తుంది.