వాయిదాలకు అమ్మిన కారు: మూడు నెలలుగా డబ్బు రావట్లేదు, బండి తెచ్చేసుకోవచ్చా?

గాజువాక_39:
2019 స్విఫ్ట్ పెట్రోలు, లోను ఏమీ లేదు. ధర 4,20,000. అడ్వాన్సు 1,80,000 తీసుకుని బండి అప్పగించేశాను. మిగతా 2,40,000 నెలకి 20,000 చొప్పున 12 వాయిదాలు, ప్రతి నెలా 5వ తారీఖున. నాలుగు వచ్చాయి, అవీ పదేసి రోజులు ఆలస్యంగా. ఆపైన మూడు నెలలుగా పైసా లేదు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు ఉంది: "వరుసగా రెండు వాయిదాలు తప్పితే అమ్మినవారు బండి వెనక్కి తీసుకోవచ్చు, కట్టినది తిరిగి ఇవ్వనక్కర్లేదు." ఆర్‌సీ నా పేరునే ఉంది, రెండో తాళం నా దగ్గరే ఉంది. బండి మద్దిలపాలెంలో ఆయన అపార్ట్‌మెంటు సెల్లారులో ఉంటుంది. వెళ్లి తెచ్చేసుకుంటే తప్పా? వచ్చిన 2,60,000 ఉంచేసుకోవచ్చా?

సెక్టార్_6:
ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే బండి వాళ్లదే కదండీ. తెల్లారుజామున వెళ్లి తెచ్చేసుకోండి. ఆనక స్టేషన్లో ఓ కాగితం పడేస్తే సరిపోతుంది.

కోర్టు_గుమ్మం:
పై సలహా పాటిస్తే స్టేషన్లో కాగితం పడేసేది అవతలాయన. ఆర్‌సీ అనేది రిజిస్ట్రేషను రికార్డు మాత్రమే. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం సొత్తు ఎప్పుడు చేతులు మారాలని ఇద్దరూ అనుకున్నారో అప్పుడే మారుతుంది. "మొత్తం డబ్బు ముట్టేదాకా హక్కు నాదే" అని అగ్రిమెంట్లో రాసి ఉంటే ఒక లెక్క, లేకపోతే బండి అప్పగించిన రోజే ఆయనదైపోయిందని వాదిస్తారు. ఒకవేళ హక్కు మీదే అయినా, ఆయన స్వాధీనంలో ఉన్నదాన్ని అడగకుండా తీసుకోవడం వేరే గొడవ. తాకట్టు పెట్టిన సొంత గడియారాన్ని చెప్పకుండా తెచ్చుకున్నా దొంగతనమేనని పాత శిక్షాస్మృతిలోనే ఉదాహరణ ఉంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్. రెండో తాళం బీరువాలోనే ఉండనివ్వండి.

ఇక 2,60,000 సంగతి. అగ్రిమెంట్లో "తిరిగి ఇవ్వనక్కర్లేదు" అని ఎంత లావు అక్షరాలతో రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ దాన్ని గరిష్ఠ పరిమితిగానే చూస్తుంది. దాని లోపల సమంజసమైన పరిహారం మాత్రమే వస్తుంది. అసలు నష్టమే లేకపోతే జప్తు చెల్లదని 2015లో కైలాష్ నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బండికి లెక్క వేసి చూడండి. వెనక్కి తీసుకుని 3,50,000కి అమ్మారనుకుందాం. ధరలో తగ్గింది 70,000. టైర్లు, సర్వీసు, బ్రోకరు కలిపి 10,000 వేసుకోండి. నష్టం 80,000, చేతికి వచ్చింది 2,60,000. అంటే 1,80,000 మీరే తిరిగి ఇవ్వాల్సి రావచ్చు. ఏడు నెలలు తిప్పినందుకు వాడకం కింద ఇంకొంత అడగొచ్చు గానీ మొత్తం మింగేయడం కుదరదు.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది బండి కావాలా, బాకీ కావాలా అన్నది. రెండూ రావు. మీ లెక్క చూస్తే బాకీ 1,60,000 వసూలు చేసుకోవడమే లాభం.

మర్రిపాలెం_బ్రేకు:
ఆర్‌సీ పేరున ఉండటం బలం అనుకుంటున్నారు, అది మెడకి గుదిబండ. ఆ బండి ఎవరినైనా గుద్దితే మోటారు వాహనాల చట్టం దృష్టిలో ఓనరు మీరే. చేతులు మారినా రిజిస్టర్లో పేరున్నవాడిదే బాధ్యత అని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో ఇవాళే చూడండి. అయిపోయుంటే ప్రీమియం మీరే కట్టి బాకీలో కలపండి, లేదంటే పరిహారం మీ జేబులోంచి పోతుంది. ఈ-చలానాలు కూడా మీ ఫోనుకే వస్తాయి. వాటి తేదీలు రాసి పెట్టుకోండి, బండి ఆయన దగ్గరే తిరుగుతోందనడానికి అదో సాక్ష్యం.

బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇచ్చారా?

గాజువాక_39:
ఇచ్చేశానండి, తేదీ వేయకుండా. ఆయన కూడా రెండు ఖాళీ చెక్కులు సంతకం పెట్టి ఇచ్చారు.

మర్రిపాలెం_బ్రేకు:
అయితే ముందు ఆ ఫారాల సంగతి చూడాలి. బండి మూడో మనిషికి చేరి, అతను విషయం తెలియక కొన్నవాడైతే మీ పని ఇంకా కష్టం. మర్రిపాలెం ఆర్టీఏ ఆఫీసులో అగ్రిమెంటు కాపీతో రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకోండి. దాంతో బదిలీ పూర్తిగా ఆగిపోతుందని నమ్ముకోకండి. ఖాయంగా ఆగాలంటే అమ్మకూడదని సివిల్ కోర్టు నుంచి ఇంజంక్షన్ తేవాలి.

కోర్టు_గుమ్మం:
చెక్కుల్లో అంకె జాగ్రత్త. "ఒక వాయిదా తప్పితే మిగతావన్నీ ఒకేసారి కట్టాలి" అన్న షరతు మీ అగ్రిమెంట్లో కనిపించట్లేదు. కాబట్టి ఇవాళ్టికి బాకీ పడింది 60,000 మాత్రమే, 1,60,000 కాదు. చెక్కు మీద అసలు బాకీ కంటే ఎక్కువ వేసి బ్యాంకులో పడేస్తే చెక్కు బౌన్సు మీద పెట్టే 138వ సెక్షన్ కేసు నిలబడదు, 2022లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. తేదీ వేసిన నాటి నుంచి మూడు నెలల్లో వేయాలి. తిరిగొచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, అందిన తర్వాత ఆయనకి 15 రోజుల గడువు, అది దాటిన నెలలోపు కంప్లయింటు. ఎక్కువ కేసులు ఈ తారీఖుల దగ్గరే పోతాయి. మీ ఖాతా ఉన్న బ్రాంచి ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడే వేయాలి.

చెక్కు వేసేముందు లాయరు నోటీసు పంపండి. నాలుగు వాయిదాలు ఆలస్యంగా వచ్చినా కిమ్మనకుండా తీసుకున్నారు కాబట్టి "గడువు మీద పట్టింపు లేదు" అంటారు. అందుకని ఇకపై 5వ తారీఖు దాటితే ఒప్పుకోనని అందులో స్పష్టంగా రాయించాలి. బాకీ 60,000కి 15 రోజులు గడువు, తప్పితే ఒప్పందాన్ని ఆయనే భంగపరిచినట్టు భావించి మిగతా మొత్తానికి నష్టపరిహారం దావా వేస్తానన్న మాట, ఫారాలు వాడొద్దన్న మాట ఉండాలి. స్పీడ్ పోస్టులో పంపి ట్రాకింగ్ కాగితం ప్రింటు తీసి దాచండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి, "వచ్చే నెల ఇస్తాను" అని ఒక్క జవాబు వచ్చినా పనికొస్తుంది. దావాకి ప్రతి వాయిదా తప్పిన తేదీ నుంచి మూడేళ్లు.

ఇంకోటి, వంద స్టాంపు మీద రాస్తే ఏదైనా చెల్లుతుందని మనవాళ్ల నమ్మకం. సుంకం తక్కువైతే ఆ లోటుతో పాటు పదింతల దాకా పెనాల్టీ కడితేగానీ కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. లాయరుకి ముందే చూపించండి.

సెక్టార్_6:
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కోర్టు ఫీజు లేకుండా దారి ఉందా?

కోర్టు_గుమ్మం:
ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసు వేయకముందే అర్జీ ఇవ్వొచ్చు, ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడి లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. ఆయన రాకపోతే మాత్రం అక్కడితో సరి.

మర్రిపాలెం_బ్రేకు:
రాజీలో ఆయనే బండి తిరిగిచ్చేస్తానంటే ఒట్టి తాళాలు పుచ్చుకుని వచ్చేయకండి. అప్పగింత పత్రంలో తేదీ, టైము, మీటరు రీడింగు, గీతలు, స్టెప్నీ, రెండు ఫారాలు వెనక్కి ఇచ్చిన సంగతి, ఎవరెవరికి ఎంత రావాలో అన్నీ రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. నాలుగు పక్కలా ఫోటోలు తీయండి. ఫాస్టాగ్ ఎవరి ఖాతాకి ఉందో కూడా అప్పుడే చూసుకోండి.