‘కొంత’ తీసేస్తే ఏమవుతుంది?

ప్రశ్న (విజయనగరం): ఆదివారం మా వీధి కుర్రాళ్ళం చెరువుగట్టు శుభ్రం చేస్తున్నాం. బ్యానర్ మీద గురజాడ వారి ‘సొంత లాభం కొంత మానుకు, పొరుగువాడికి తోడుపడవోయ్’ వేయిస్తున్నాం. చోటు చాలడం లేదు, ‘కొంత’ తీసేద్దామా అంటున్నాడు ప్రింటింగ్ అతను. తీసేయొచ్చా? ‘మానుకు’ అంటే ‘మానుకో’ అనేనా?

జవాబు: మానుకు అంటే మానుకొని. ‘పట్టుకుపో’, ‘వండుకుతిను’ అంటాం చూడండి, అదే. ‘కొంత’ తీస్తే ముందు నడక కుంటుతుంది: సొంత మూడు మాత్రలు, లాభం నాలుగు, మళ్ళీ కొంత మూడు, మానుకు నాలుగు. ఆ పైన అర్థమూ పోతుంది. లాభమంతా వదులుకోమంటే సన్యాసులే రావాలి! కవి అడిగింది సంసారుల్ని.

జవాబు (సోంపేట వైపు): పై జవాబిచ్చిన మాస్టారు చెప్పింది నిజం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. మర్నాడు మా ఊరి దారికి అడ్డంగా పడ్డ చెట్లు నరకడానికి గొడ్డళ్ళు పట్టుకొచ్చిన వాళ్ళలో తోటలు పోయినవాళ్ళే ఎక్కువ. ముందు దారి, తరవాత ఎవరి తోట వాళ్ళు చూసుకోవడం. ఎవరూ పిలవలేదు, ఫొటోలూ లేవు (అసలు కరెంటు ఉంటే కదా ఫోన్లు!). ‘కొంత’ అంటే నాకు ఆ పూట పనే.

జవాబు: ‘తోడుపడు’ గురించి ఎవరూ మాట్లాడలేదు. సాయం చేసేవాడి చెయ్యి ఒక్కోసారి పైన ఉంటుంది. తోడులో అలా ఉండదు. తోడికోడళ్ళలో ఎవరు ఎవరికి దాత? అదే గేయంలో ‘చెట్టపట్టాల్’ పట్టుకుని నడవమన్నదీ ఇందుకే అనుకుంటాను.

ప్రశ్న: మరి ఇలా సాయానికొచ్చే వాలంటీరుని తెలుగులో ఏమనాలి? మా అమ్మకి వాలంటీరంటే ఇప్పటికీ పింఛను తెచ్చిచ్చే అబ్బాయే.

జవాబు: ఆవిడ తప్పేం లేదు. 2019 ఆగస్టు 15 నుంచి కొన్నేళ్ళపాటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాభై ఇళ్ళకి ఒక వాలంటీరుని పెట్టింది, నెలకి 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చేది. ఆ మాట మన రాష్ట్రంలో ఉద్యోగం పేరైపోయింది. ‘స్వచ్ఛంద సేవకుడు’ అని పిలిస్తే మా ఊళ్ళో ఎవరూ పలకరు. పనికొచ్చినవాళ్ళని ‘సాయానికొచ్చారు’ అంటాం, అంతే. దానికి వేరే బిరుదెందుకో నాకైతే తెలీదు.