పదకొండేళ్ల మైక్రోవేవ్: నిప్పురవ్వలు, తుప్పు, తగ్గిన వేడి. బాగుచేయించాలా, మార్చేయాలా?

ఉప్పుగాలి (విశాఖపట్నం):
23 లీటర్ల కన్వెక్షన్ మైక్రోవేవ్ (బేకింగ్‌కి వేడిగాలి హీటరు కూడా ఉన్నది), వయసు పదకొండేళ్లు. లోపల కుడిగోడకి ఉన్న అట్టముక్కలాంటి దాని దగ్గర చిటపటమని నిప్పురవ్వలు వస్తున్నాయి, దాని ఒక మూల నల్లగా మాడింది. గాజుపళ్లెం కింద చక్రాలు తిరిగే గాడిలో పెయింట్ లేచి తుప్పు పట్టింది. ఇదివరకు నిమిషంలో పొగలు కక్కే కప్పు పాలకి ఇప్పుడు దాదాపు రెండు నిమిషాలు పడుతోంది. మెకానిక్ ఫోన్లోనే "మాగ్నెట్రాన్ (తరంగాలు పుట్టించే భాగం) పోయింది, కొత్తది కొనుక్కోండి" అనేశాడు.

వెనక స్టిక్కర్ మీద మైక్రోవేవ్ ఔట్‌పుట్ 800 వాట్లు, ఇన్‌పుట్ 1250 వాట్లు అని ఉంది. వాడకమంతా అన్నం, కూరలు, పాలు వేడిచేయడం, అప్పడాలు, పల్లీలు. తలుపు వదులై రేడియేషన్ బయటికి వస్తుందేమోనని ఇంట్లో భయం కూడా ఉంది. ఏం చేయమంటారు?

వోల్టులలెక్క:
ఫోన్లో మాగ్నెట్రాన్ పోయిందని తేల్చడం కుదరదండీ. మీరు చెప్పిన మూడూ వేర్వేరు జబ్బులు, ఒకదానికొకటి సంబంధం ఉండనక్కర్లేదు.

ముందు వేడి సంగతి కొలవండి. మిషన్ చల్లగా ఉన్నప్పుడు గాజు లేదా ప్లాస్టిక్ గిన్నెలో సరిగ్గా ఒక లీటరు నీళ్లు పోసి థర్మామీటరుతో వేడి చూడండి. ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు పెట్టి, తీయగానే చెంచాతో బాగా కలిపి మళ్లీ చూడండి. ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 35తో హెచ్చిస్తే నీళ్లలోకి వెళ్లిన వాట్లు వస్తాయి. 20 డిగ్రీలు పెరిగితే 700 వాట్లన్నమాట. గిన్నె కూడా కొంత వేడి లాగేసుకుంటుంది కాబట్టి, స్టిక్కర్ మీది అంకెకి పది పదిహేను శాతం తక్కువ వచ్చినా మిషన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

అదే సమయంలో వోల్టేజీ కూడా చూడాలి. మల్టీమీటరు ముల్లులు సాకెట్టులో గుచ్చకండి. ప్లగ్గులా పెట్టుకునే చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్లు దొరుకుతాయి, దాన్ని అదే బోర్డులో పక్క సాకెట్టుకి పెట్టండి. మైక్రోవేవ్ ఆపి ఉన్నప్పుడు ఒక అంకె, తిరుగుతున్నప్పుడు ఒక అంకె రాసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మామూలు మోడళ్లలో వోల్టేజీ పది శాతం తగ్గితే వేడి అంతకంటే ఎక్కువే పడిపోతుంది.

అభ్రకంరేకు:
నిప్పురవ్వల సంగతి నేను చెప్తాను. అది అట్ట కాదు, మైకా షీట్. దాని వెనకున్న దారిలోంచే తరంగాలు లోపలికి వస్తాయి. కూర తుంపరలు, నూనె ఆవిరి దాని మీద పడి మాడితే బొగ్గవుతాయి. బొగ్గు కరెంటుని మోస్తుంది కాబట్టి అక్కడే రవ్వలు పుడతాయి, ఆ రవ్వలతో ఇంకాస్త మాడుతుంది. అప్పడాలు, పల్లీలు పెట్టేవాళ్లకి ఇది మామూలే. అసలు పల్లీల్లో తేమ తక్కువ, తరంగాలని పీల్చుకోడానికి వాటిలో పెద్దగా ఏమీ ఉండదు. కొద్దిగానే పెట్టినప్పుడు పక్కన అరగ్లాసు నీళ్లు పెట్టడం మంచిది.

మార్చడం తేలికే. ప్లగ్గు పీకేయండి. మైకా షీట్‌ని ఒక స్క్రూగానీ ప్లాస్టిక్ క్లిప్పుగానీ పట్టుకుని ఉంటుంది. బయటికి తీసి, కొత్త షీట్ మీద పెట్టి పెన్సిల్‌తో గీసుకుని కత్తెరతో కత్తిరించండి. పాతది ముక్కలైపోయినా పారేయకండి, కొలత దానిదే. స్పేర్ పార్టులమ్మే కొట్టుల్లో కత్తిరించుకునే పెద్ద షీట్లే అమ్ముతారు. పెట్టేముందు వెనక గోడ చూడండి. అక్కడ పెయింట్ మాడి ఇనుము బయటపడితే షీట్ ఒక్కటీ మారిస్తే చాలదు, రవ్వలు మళ్లీ వస్తాయి. షీట్ లేకుండా మాత్రం నడపొద్దు, జిడ్డు ఆవిరంతా నేరుగా మాగ్నెట్రాన్ మూతి మీదికి పోతుంది.

తుప్పుకి: గాడిని సన్నరకం ఎమరీ పేపర్‌తో రుద్ది, పొడి మొత్తం తుడిచి, మైక్రోవేవ్ లోపలికని ప్రత్యేకంగా అమ్మే పెయింట్ పల్చగా రెండు పూతలు వేసి, డబ్బా మీద రాసినంతసేపు ఆరనివ్వండి. ఇంట్లో మిగిలిన గేటు పెయింట్ వేశారో, కంపు కొడుతుంది, మాడుతుంది, లోహపు పొడి ఉన్న రకమైతే రవ్వలు కూడా. కానీ స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే రేకు గుచ్చుకుపోతోందా? అయితే అక్కడితో ఆ మిషన్ పని సరి. చిల్లుపడ్డ పెట్టెకి పెయింట్ వేసి వాడకూడదు. సముద్రానికి దగ్గర ఇళ్లలో ఈ గాడి త్వరగా పోతుంది. వాడాక లోపల చేరిన తేమని పొడిగుడ్డతో తుడిచి కాసేపు తలుపు తెరిచి ఉంచండి.

మూడుస్విచ్చులు:
ఒక హెచ్చరిక. పైన చెప్పినవన్నీ తలుపు తెరిచి లోపలి పెట్టెలో చేసే పనులు. బయటి కవరు స్క్రూలు మాత్రం విప్పొద్దు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2000 వోల్టులు ఇస్తే, కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని 4000 దగ్గరికి తీసుకెళ్తాయి. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉండొచ్చు, ప్రాణం తీయడానికి అది చాలు. దాన్ని డిశ్చార్జ్ చేయడం తెలిసినవాడే విప్పాలి.

తలుపు గురించి. ఫ్రిజ్‌కున్నట్టు రబ్బరు అంచు తరంగాలని ఆపదు. తలుపు అంచు లోపల తరంగం పొడవులో నాలుగోవంతు, అంటే దాదాపు 3 సెంటీమీటర్ల లెక్కన కట్టిన గాడి ఉంటుంది, ఆపేది అదే. అందుకే కాగితం పెట్టి లాగి చూసే పరీక్షకి పెద్ద అర్థం లేదు. లోపల ఫోన్ పెట్టి రింగ్ అయితే లీకైనట్టేనని తిరిగే వీడియో ఇంకా వింత. ఫోన్ అతి బలహీనమైన సిగ్నల్ కూడా అందుకోగలదు, రింగవడం ఏమీ నిరూపించదు. చూడాల్సినవి వేరే: తలుపు వంగిందా, కీలు జారి ఒక పక్కకి వాలిందా, అద్దం వెనక జాలీ చిరిగిందా, కొక్కేలు విరిగాయా. వీటిలో ఒక్కటున్నా వాడకం ఆపండి. బయటికి వచ్చే తరంగాలకి అంతర్జాతీయ ప్రమాణంలో హద్దు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీవాట్లు. దాన్ని కొలిచే సరైన మీటరు కంపెనీ సర్వీసువాళ్ల దగ్గర ఉందో అడగండి.

ఇంకోటి, టైము మిగిలుండగానే తలుపు లాగేసే అలవాటు మానాలి. తలుపు తెరిస్తే మిషన్ ఆగేలా చూడ్డానికి దాని వెనక మూడు మైక్రోస్విచ్చులుంటాయి. కరెంటు పారుతుండగా తెరిచిన ప్రతిసారీ వాటి కాంటాక్టులు కాలతాయి. మొదటిది అతుక్కుపోతే, మూడోది కావాలనే షార్ట్ చేసి లోపలి ఫ్యూజు ఎగరగొడుతుంది. తలుపు తెరవగానే ఫ్యూజు పోతోందంటే కారణం ఇదే అనుకోండి. అలాంటప్పుడు ఫ్యూజు ఒక్కటే మార్చే మెకానిక్‌ని మళ్లీ పిలవకండి. స్టాప్ నొక్కి తెరవండి.

ఉప్పుగాలి:
తలుపు నిటారుగానే ఉంది, జాలీ బాగుంది. గాడిలో తుప్పు పైపైనే, స్క్రూడ్రైవర్ దిగలేదు. నీళ్ల పరీక్షలో 14 డిగ్రీలు పెరిగింది, అంటే 490 వాట్లు. వోల్టేజీ ఆపి ఉన్నప్పుడు 226, తిరిగేటప్పుడు 198. ప్లగ్గు పట్టుకుంటే వెచ్చగా ఉంది.

వోల్టులలెక్క:
మీ దోషి దొరికాడు, మాగ్నెట్రాన్ కాదు. 28 వోల్టులు మధ్యలో మాయమవుతున్నాయి. ఐదారు ఆంపియర్ల దగ్గర లెక్కేస్తే 150 వాట్ల పైచిలుకు వేడి మీ గోడలోనో సాకెట్టులోనో పుడుతోంది. పది పన్నెండు మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో పోవాల్సింది ఒకటి రెండు వోల్టులు. బాగుచేసేవరకు మైక్రోవేవ్ వాడకండి, నిప్పంటుకునేది ఇలాంటి చోటే.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెయిన్ ఆపించి సాకెట్టు విప్పించండి. స్క్రూ వదులైందా, తీగ మాడిందా, ప్లగ్గు కాళ్లు నల్లబడ్డాయా చూడమనండి. కన్వెక్షన్ హీటరు ఉంది కాబట్టి అక్కడ ఎర్తింగ్‌తో 16 ఆంపియర్ల సాకెట్టు, విడి తీగ ఉండాలి. మిగతా గదుల్లో కూడా అలాగే వోల్టేజీ పడుతుంటే లోపం మీటరు వైపు ఉన్నట్టు, ఎలక్ట్రీషియన్‌కి అది చెప్పండి. ఇదంతా వదిలేసి కొత్త మిషన్ కొని అదే సాకెట్టుకి పెట్టుంటే అదీ ఇలాగే నీరసంగా నడిచేది.

ఉప్పుగాలి:
సాకెట్టులో న్యూట్రల్ తీగ మాడి ఉంది. కొత్త 16 ఆంపియర్ల సాకెట్టు, ప్లగ్గు వేయించాం. ఇప్పుడు తిరిగేటప్పుడు 219 వోల్టులు, నీళ్లు 20 డిగ్రీలు పెరిగాయి. మైకా షీట్ మార్చాక రవ్వలు లేవు. ఎప్పటికైనా కొత్తది కొనాల్సిందేగా, అప్పుడు ఏం చూడాలి?

కుంపటిసెగ:
మీ వాడకానికి కన్వెక్షన్ దండగండీ. వేడిచేయడానికి 20 లీటర్ల సోలో (తరంగాలతో మాత్రమే వేడిచేసే రకం) చాలు, చెడిపోయే భాగాలూ తక్కువ. అయితే మీ పెద్ద గిన్నె మూలనుంచి మూలకి కొలుచుకుని కొట్టుకెళ్లండి. 20 లీటర్లలో పళ్లెం సుమారు 25 సెంటీమీటర్లే ఉంటుంది, చెవులున్న గిన్నె గోడకి తగిలి ఆగిపోతుంది. అరలో దూర్చేట్టయితే పైనా పక్కలా వెనకా ఎంత ఖాళీ వదలాలో ఆ మోడల్ మాన్యువల్లో ముందే చూడండి. బొద్దింకలున్న వంటిల్లయితే ఆ ఖాళీ ఇంకా ముఖ్యం, అవి వెచ్చగా ఉండే కంట్రోల్ బోర్డు మీదే కాపురం పెడతాయి. ఆ బోర్డు లేని, తిప్పే నాబులున్న మోడల్ అందుకే నాకిష్టం. ఇన్వర్టర్ రకం (పవర్‌ని ఎలక్ట్రానిక్ బోర్డుతో తగ్గించే మైక్రోవేవ్) సగం పవర్‌లో కూడా సమంగా వేడిచేస్తుంది, మామూలుది కాసేపు ఫుల్, కాసేపు సున్నా. కానీ ఇన్వర్టర్ బోర్డు పోతే ఖర్చు గట్టిగా తగులుతుంది. మాగ్నెట్రాన్ మీద పదేళ్ల వారంటీ అంటే చాలావరకు ఆ భాగానికే, కూలి, విజిట్ చార్జీ వేరు. బిల్లు కట్టేముందు రాతలో అడగండి.

పాతదాన్ని ఇనుప సామాన్లవాడికి వేయొద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల జాబితాలో మైక్రోవేవ్ ఉంది. ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వండి, లేదా రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి. కొన్ని మాగ్నెట్రాన్ల పింగాణీలో బెరీలియం ఆక్సైడ్ ఉండొచ్చు, పగిలి పొడైతే ఊపిరితిత్తులకి చేటు. దాని ట్రాన్స్‌ఫార్మర్‌తో చెక్క మీద మెరుపుగీతలు గీసే వీడియోలు పిల్లలు చూస్తుంటారు, అది చేస్తూ చచ్చిపోయినవాళ్లున్నారు. ఇచ్చేరోజు వరకు మిషన్ని కవరుతో సహా అలాగే ఉంచండి.