చర్చ: ఎంజీబీ హీటరు పెట్టెకు పట్టిన తుప్పును రేకు చెడకుండా వదిలించడం ఎలా?

పాతఇంజను: నా 1967 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) నుంచి హీటరు పెట్టెను బయటికి తీశాను. అడుగున తుప్పు పొరలు పొరలుగా లేచింది, గాలిని దారి మళ్లించే తలుపు ఇరుసు బిగుసుకుపోయింది, లోపలి ఫోమ్ సీళ్లు ముట్టుకుంటే పొడి అవుతున్నాయి. రేకు పలచబడకుండా తుప్పు వదిలించే పద్ధతి ఏది, తరువాత వేడిని తట్టుకొనే ప్రత్యేకమైన రంగు తప్పనిసరా, మ్యాట్రిక్స్ (పెట్టెలో ఉండే, ఇంజను వేడినీరు పారే చిన్న రేడియేటరు) పాతదే వాడవచ్చా అన్నవి నా ప్రశ్నలు.

రేకుపని: దయచేసి శాండ్ బ్లాస్టింగ్ జోలికి వెళ్లకండి. పలచని రేకు కనుక తక్కువ పీడనంతో చేయమని మరీ మరీ చెప్పి నా పెట్టెను ఒక షాపులో ఇస్తే, వాళ్లు చాసిస్ భాగాలకు వాడే ముతక ఇసుకతోనే కొట్టి, చదునైన పక్కలన్నీ అలలు తేలేలా చేసి పంపారు. ఆ వంకర వల్ల మూత అంచు ఇప్పటికీ సరిగా కూర్చోవడం లేదు.

సోడాతొట్టి: విద్యుత్తుతో తుప్పు వదిలించడాన్ని మించిన పద్ధతి లేదు. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలిపి, పెట్టెను బ్యాటరీ చార్జరు రుణ ధ్రువానికి, ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పలకను ధన ధ్రువానికి తగిలిస్తే, తుప్పు నల్లని మడ్డిగా మారి బ్రష్‌తో రుద్దగానే ఊడి వస్తుంది, మంచి ఇనుము మాత్రం తరగదు. నా పెట్టె మీద స్పాట్ వెల్డింగ్ గుర్తులు కూడా కొత్తవాటిలా బయటపడ్డాయి.

రసాయనం: స్టెయిన్‌లెస్ మాటను వెనక్కి తీసుకోండి. ధన ధ్రువం వద్ద ఆ పలకలోని క్రోమియం కరిగి హెక్సావాలెంట్ క్రోమియంగా మారే ప్రమాదం ఉంది. అది క్యాన్సర్ కలిగించే పదార్థం కనుక ఆ నీటిని కాలువలో పారబోయడానికి కూడా వీల్లేదు. మామూలు మెత్తని ఉక్కు ముక్క పెడితే సరిపోతుంది. పైగా తొట్టి నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఈ పని ఆరుబయటే చేయాలి.

సోడాతొట్టి: ఏళ్ల తరబడి అదే పలకను వాడుతున్నాను, అది అరగనే లేదు. అరగని పలక నుంచి విషం ఎలా వస్తుందో చెప్పండి.

రసాయనం: అరగలేదన్నది కంటి అంచనా మాత్రమే. ఆ క్రోమియం కలిస్తే నీరు పసుపు రంగుకు తిరుగుతుంది, అది ఎప్పుడైనా చూశారా?

సోడాతొట్టి: ఆయన అడిగింది తుప్పు గురించి. మీరు నన్ను నేరస్థుడిని విచారించినట్టు విచారిస్తున్నారు. నా పద్ధతిలో బాగుపడిన భాగాలే నాకు సాక్ష్యం.

సుత్తిదెబ్బ: పాత స్పోర్ట్స్ కార్ల రేకుపని నా వృత్తి, ఇలాంటి పెట్టెలు నా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి కనుక చెబుతున్నాను. స్టెయిన్‌లెస్ విషయంలో రసాయనం గారిదే సరైన మాట. అయితే అసలు ఇబ్బంది మరొకటి ఉంది: విద్యుత్తు ధన పలకకు ఎదురుగా ఉన్న ముఖాన్నే బాగా శుభ్రం చేస్తుంది, లోపలి మూలల్లో తుప్పు అలాగే మిగులుతుంది. 5–10 శాతం నిమ్మఉప్పు ద్రావణంలో ముంచితే నీరు చేరిన ప్రతిచోటా పని జరుగుతుంది. స్ప్రింగ్ క్లిప్పులను మాత్రం అందులో వేయకండి, హైడ్రోజన్ చేరి పెళుసుబారి విరిగిపోతాయి. జింకు పూత ఉన్న స్క్రూలకు పూత కూడా పోతుంది.

రేకుపని: మడత అతుకుల్లో ఆమ్లం మిగిలిపోతే లోపలి నుంచి మళ్లీ తినేస్తుంది కదా?

సుత్తిదెబ్బ: అందుకే చివర బట్టల సోడా నీటితో కడిగి, వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి. తడిగా వదిలేస్తే కళ్లముందే ఎర్రటి పొర కమ్ముకుంటుంది.

గాలిఇంజను: మీరంతా నీళ్ల హీటర్ల వాళ్లు, అంటే ఇంజను వేడినీటితో కారును వెచ్చబరిచేవాళ్లు. పాత పోర్షే 911లో వెచ్చని గాలి ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ ఉన్న తొడుగుల గుండా వస్తుంది. లోపలి గొట్టానికి తుప్పు వల్ల రంధ్రం పడితే, వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ నేరుగా కారులోకి చేరుతుంది. బయటి తొడుగును మెరిపించి, రంగు వేసి అమ్మే పాత భాగాలను దయచేసి లోపలి గొట్టం చూడకుండా కొనకండి.

పాతఇంజను: ఆ హెచ్చరిక విలువైనదే, కానీ నాది నీళ్ల హీటరే. రంగు, మ్యాట్రిక్స్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సుత్తిదెబ్బ: ఆ మ్యాట్రిక్స్ రాగి, ఇత్తడితో చేసి సీసం కలిసిన టంకంతో అతికినది, దానిని పెట్టెతో పాటు తొట్టిలో వేయకండి. నీటిని వెనుక దిశలో పంపి మడ్డిని కడిగి, ఒక గొట్టం మూసి, నీళ్లలో ముంచి, సుమారు 1 బార్ పీడనంతో గాలి పంపండి. బుడగలు రాకపోతే పాతదే వాడుకోవచ్చు. ఇక ఆ పెట్టె ఇంజను నీటి వేడిని మించి వేడెక్కదు కాబట్టి, ఎపాక్సీ ప్రైమరు మీద మామూలు నల్ల ఎనామిల్ చాలు. ఎగ్జాస్ట్ రంగులు బాగా కాలితే గాని గట్టిపడవు, ఇక్కడ అంత వేడి దొరకదు.

రేకుపని: పెట్టెను తిరిగి బిగించేముందు, అద్దం ముందున్న జాలీ కింద చేరే వాననీటిని బయటికి పంపే రబ్బరు గొట్టంలో ఒక తీగను దూర్చి చూడండి. అది ఆకులతో, మట్టితో పూడుకుపోతే నీరు నిలిచి పెట్టె అడుగును తింటుంది. మీ తుప్పు అడుగుననే ఉందంటే నా అనుమానం ఆ గొట్టం మీదే.